రిపోర్టు ఒకటి చెప్తే ఒళ్లు ఇంకొకటి చెప్తది: థైరాయిడ్ రీసెర్చ్ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికల థైరాయిడ్ గోళీల గురించి రాసినంక ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు మస్తు వచ్చినయి. అండ్ల సగం "నా డోసు ఎంత ఉండాలె సార్" అనేటివే. వాటికి ఇక్కడ జవాబియ్యను, మీ డాక్టర్‌నే అడగండి, నేను బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, మందుల చీటీ రాసేటోన్ని కాదు. అయితే ఈసారి కొందరు వేరే తీరుగ అడిగిన్రు, ఈ థైరాయిడ్ మీద రీసెర్చ్ చేసేటోళ్లు అసలు ఏం చేస్తరు, ఎట్ల చేస్తరు, దానితోని మనకు ఏమొచ్చింది అని. ఈ నెల అవే తీసుకున్న.

ప్రశ్న: సార్, నేను వరంగల్‌ల ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్ చదువుతున్న, మాది నర్సంపేట దగ్గర ఊరు. మొన్న క్లాసుల మా మేడం థైరాయిడ్ హార్మోన్ రెసిస్టెన్స్ గురించి చెప్తూ "దీన్ని రెఫెటాఫ్ సిండ్రోమ్ అని కూడ అంటరు, ఆయన సర్వీసంత దీని మీదనే పోయింది" అన్నది. 40 వేల మందిల ఒక్కరికి వచ్చే జబ్బు మీద ఒక మనిషి అన్నేండ్లు ఏం చేస్తడు సార్? నాకు కూడ థైరాయిడ్ మీద రీసెర్చ్ చెయ్యాలని ఉన్నది. మా నాన్న మాత్రం "నర్సంపేటల క్లినిక్ పెట్టుకో బిడ్డా, నీకు ఆ ఎలుకలతోని ఏం పని" అంటున్నడు.
— ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: బిడ్డా, నాన్న సంగతి తర్వాత చూద్దాం, ముందు రెఫెటాఫ్ సంగతి చెప్త, ఎందుకంటే రీసెర్చ్ చెయ్యాలనే నీ రెండో మాటకు జవాబు కూడ అండ్లనే ఉన్నది.

1967ల శామ్యూల్ రెఫెటాఫ్, డివిండ్, డిగ్రూట్ అని అమెరికాల పనిచేసే ముగ్గురు డాక్టర్లు కలిసి ఒక పేపర్ వేసిన్రు. ఒక్క ఇంటి పిల్లల ముచ్చట అది. ఆ పిల్లలకు పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు, గొంతు దగ్గర వాపు ఉన్నది. ఎక్స్‌రే తీస్తే ఎముకల కొసలు నిండుగ లేకుండ చుక్కలు చుక్కలుగ కనపడ్డయి. ఎముకలు అట్ల కనపడేది ఎవరికి? చిన్నప్పటి నుంచి థైరాయిడ్ హార్మోన్ అందని పిల్లలకు. అంటే హార్మోన్ తక్కువుందని అనుకోవాలె గదా, కానీ రక్తం పరీక్ష చేస్తే ఉల్టా వచ్చింది, హార్మోన్ మామూలు కంటె చాలా ఎక్కువ. అప్పుడు ఇప్పటి లెక్క ఫ్రీ టీ4 (థైరాయిడ్ గ్రంథి చేసే ముఖ్యమైన హార్మోన్) పరీక్ష లేదు, రక్తంల ప్రొటీన్‌కు అంటుకున్న అయోడిన్ ఎంతుందో కొలిచి అందాజకు చెప్పేటోళ్లు. సరే హార్మోన్ ఎక్కువే అనుకుంటే మరి ఒళ్లు సన్నబడాలె, చేతులు వణకాలె, చెమటలు పట్టాలె. అవేవీ లేవు.

ఇసుంటి రిపోర్టు వస్తే మనోళ్లు ఏమంటరో నీకు ఎరుకే, "ల్యాబోడు తప్పు చేసిండు, ఇంకోసారి చేపించుకో రాపో" అంటరు. ఈ ముగ్గురు అట్ల అనలే. పరీక్ష కరెక్టే, ఎక్స్‌రే కూడ కరెక్టే, రెండూ నిజమైతే ఒళ్లుల ఏం జరుగుతుండాలె అని ఉల్టా ఆలోచించిన్రు. హార్మోన్ వస్తున్నది గని ఒళ్లు దాన్ని తీసుకుంటలేదు. కొరియర్ గుమ్మం దాకా వచ్చి బెల్లు కొడుతున్నడు, లోపల తలుపు తీసేటోళ్లు లేరు, అంతే. పేపర్ పేరుల కూడ "కావచ్చు" అనే పెట్టిన్రు, ఇదే అని గట్టిగ రాయలే. నాకు ఆ "కావచ్చు" అంటేనే ఇష్టం, ఎందుకంటే తలుపు తీసేటోడు ఎవడో, అంటే ఆ రిసెప్టర్ ఏందో, అప్పటికి దునియాల ఎవరికీ తెల్వదు.

ఇంకొకటి, ఆ పిల్లల అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలు. మన దిక్కు మేనరికాలు ఎన్ని ఉంటయో నీకు చెప్పాల్నా. అందుకే ఈ కథ అమెరికాదైనా మన పిల్లల డాక్టర్లు మనసుల పెట్టుకోవాల్సిందే అంట నేను.

మరి 1967 నుంచి రిసెప్టర్ దొరికేదాక రెఫెటాఫ్ ఖాళీగ కూసున్నడా? లేదు. ఇసుంటి ఒక రోగి చర్మం కణాలు, తెల్ల రక్తకణాలు తీసి, వాటి న్యూక్లియస్‌కు టీ3 (టీ4 నుంచి తయారై కణంల పని చేసే హార్మోన్) ఎట్ల అతుక్కుంటదో చూసిన్రు. ఇంకో దిక్కు రక్తంల హార్మోన్‌ను మోసుకపోయే ప్రొటీన్, టీబీజీ అంటం గదా, దాని మీద పడ్డడు. ఆ ప్రొటీన్ పుట్టుకతోనే తక్కువున్న ఇండ్లు ఉంటయి, వాళ్లకు టోటల్ టీ4 కొలిస్తే బాగా తక్కువ వస్తది, మనిషి మాత్రం నిక్షేపంగ ఉంటడు, గోళీలు ఏం అవసరం లేదు. ఇది తెల్వక ఏండ్లకేండ్లు గోళీలు మింగినోళ్లు ఎంతమందో. ఇక్కడ కూడ అదే ముచ్చట చూడు, కాగితం ఒకటి చెప్తున్నది, మనిషి ఇంకొకటి చెప్తున్నడు.

1986ల రిసెప్టర్ దొరికింది, అదీ ఎక్కడి నుంచి, కోళ్లకు రక్తకాన్సర్ తెచ్చే ఒక వైరస్ నుంచి! ఆ వైరస్‌ల ఉన్న ఒక జీన్‌కు మన కణాలల్ల ఉండే జోడీ ఏందా అని వెతుకుతుంటే, అదే థైరాయిడ్ హార్మోన్ రిసెప్టర్ అని తేలింది. జర్మనీల వెన్‌స్ట్రోమ్ ల్యాబు, అమెరికాల సాల్క్ ఇన్‌స్టిట్యూట్ల ఇవాన్స్ ల్యాబు, రెండూ ఒకటేసారి బయటపెట్టినయి. థైరాయిడ్ కోసం వెతికినోళ్లకు దొరకలే, కోడి రోగం చూసేటోళ్లకు దొరికింది, రీసెర్చ్ అంటే గిట్లనే ఉంటది మరి. రిసెప్టర్లు రెండు రకాలు, ఆల్ఫా ఒకటి, బీటా ఒకటి. గుండెల ఎక్కువ ఆల్ఫా, కాలేయంల, లోపలి చెవిల, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిల బీటా ముఖ్యం. మూడేండ్లకు 1989ల, ఇసుంటి వేరే ఇండ్లల్ల బీటా జీన్‌ల తప్పు ఉన్నదని రెండు గ్రూపులు చూపించినయి.

ఇగ ఆ మొదటి ఇల్లు. 1992ల వాళ్ల జీన్ చూస్తే తప్పు ఉండుడు కాదు, ఆ పిల్లలల్ల బీటా జీన్ అసలుకే లేదు, రెండు కాపీలూ గాయబ్. చెవులు ఎందుకు వినపడలేదో అప్పుడు అర్థమైంది, లోపలి చెవి తయారుకావాలంటే బీటా కావాలె. 1967ల రాసిన "కావచ్చు" అనే మాట "అవును" కావడానికి 25 ఏండ్లు పట్టింది.

ఇక్కడ ఒక తమాష ఉన్నది, పరీక్షలల్ల వైవాకు పనికొస్తది చదువుకో. ఆ పిల్లల అమ్మానాన్నలకు ఒక కాపీ లేదు, ఒక కాపీ మంచిగుంది, వాళ్లకు ఏం జబ్బు లేదు. మిగతా ఇండ్లల్ల మాత్రం ఒక్క కాపీల చిన్న తప్పుంటే చాలు, జబ్బు వస్తది. అంటే ఒక కాపీ పూర్తిగ లేకపోయినా నడుస్తది గని, ఒక కాపీ వంకరగ ఉంటే నడవదు. ఎందుకంటే వంకర రిసెప్టర్ ఊకె ఉండదు, డీఎన్ఏ మీద జాగ పట్టుకొని కూసుంటది, మంచి రిసెప్టర్‌ను పని చెయ్యనియ్యది. ఇది ఆ ఇంటిని మిగతా ఇండ్ల పక్కన పెట్టి చూసినందుకే అంత సాఫ్‌గ తెలిసింది.

తర్వాతివి జల్దీ చెప్త. 1995ల టీఎస్‌హెచ్ (పిట్యూటరీ నుంచి థైరాయిడ్ గ్రంథికి హుకుం మోసుకొచ్చే హార్మోన్) రిసెప్టర్‌ల తప్పున్న ఇల్లు. 2004ల, హార్మోన్‌ను కణం లోపలికి తీసుకపోయే ఎంసీటీ8 అనే ప్రొటీన్ చెడిపోయిన మగపిల్లలు, వీళ్లకు మెడ నిలవదు, నడక రాదు, మాట రాదు. ఇసుంటి పిల్లలను అలన్, హెర్న్‌డన్, డడ్లీ అనేటోళ్లు 1944లనే చూసి రాసిన్రు గని, థైరాయిడ్‌తోని సంబంధం ఉన్నదని 60 ఏండ్లు ఎవరికీ తట్టలే. అది బయటపెట్టిన పేపర్ల ముందు పేరు అలెగ్జాండ్రా డుమిట్రెస్కు, రెఫెటాఫ్ ల్యాబుల పనిచేసిన ఆడమనిషే, యూరప్‌ల రోటర్‌డామ్ వాళ్లు కూడ అదే ఏడు అదే మాట చెప్పిన్రు. మరుసటి ఏడు, టీ4ను టీ3గ మార్చే పనిల తప్పున్న ఇల్లు. అట్ల చూస్తే ఆయన ఒక్క జబ్బు మీద కూసోలే, హార్మోన్ గ్రంథిల తయారయిన కాడి నుంచి కణంల పని చేసేదాక తొవ్వ పొడుగుతా ఎక్కడెక్కడ ఆగుతదో ఒక్కొక్క ఇంటిని పట్టుకొని చూసుకుంట పోయిండు.

అండ్ల నాకు బాగా నచ్చింది 2004 నాటి, పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల పని. అక్కడ ఒక పెద్ద కుటుంబంల చాలామందికి రెసిస్టెన్స్ ఉన్నది. జబ్బున్న తల్లి రక్తంల హార్మోన్ ఎక్కువుంటది, ఆమెకు ఏం కాదు, ఆమె ఒళ్లు దాన్ని పట్టించుకోదు. కడుపుల బిడ్డకు జబ్బు రాకుంటే మాత్రం ఆ బిడ్డకు అది ఎక్కువైతది. లెక్క తీస్తే జబ్బున్న తల్లులకు కడుపు పోవుడు ఎక్కువ. జబ్బు తండ్రికుండి తల్లి మంచిగున్న కాడ అట్ల లేదు. కడుపుతోని ఉన్నామెకు హార్మోన్ ఎక్కువైతే బిడ్డకు ఏమైతదో ఏ మనిషి మీదా ప్రయోగం చేసి చూడలేం గదా, ఆ ఇల్లు దానంతట అదే చూపించింది.

ఇగ రోజూ చేసే పని ఏందంటవా? సినిమాల చూపించినట్టు ఉండదు. ఎక్కడినుంచో ఒక డాక్టర్ "ఈ రిపోర్టు నాకు సమజైతలేదు" అని రాస్తడు, ఐస్‌ల పెట్టిన రక్తం డబ్బా వస్తది. ముందు అదే పరీక్ష మళ్ల వేరే పద్ధతిల చేస్తరు. తర్వాత వంశవృక్షం గీస్తరు, చదరం మగ, గుండ్రం ఆడ, నింపితే జబ్బున్నట్టు. తమ్ముని రక్తం కావాలె, మేనత్త రక్తం కావాలె, వాళ్లను ఒప్పించాలె, సంతకం తీసుకోవాలె. డబ్బాల మీద పేర్లు సరిగ రాసి మైనస్ 80 ఫ్రీజర్ల పెట్టాలె, కరెంటు పోతే దునియా అంత ఆగమైతది. జీన్ చదువుడు, ఎలుకలల్ల అదే జీన్ తీసేసి చూసుడు, అవన్నీ ఉంటయి. కానీ సగం పని ఫోన్లు, ఉత్తరాలు, ఓపిక.

ఇప్పుడు నాన్న సంగతి. క్లినిక్‌కు రీసెర్చ్‌కు వైరం లేదని చెప్పు. ఎంబీబీఎస్ అయినంక ఎండీ, తర్వాత డీఎం ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బుల చదువు), అది హైదరాబాద్‌ల నిమ్స్‌ల ఉన్నది, ఉస్మానియాల ఉన్నది. డీఎం చేసినోళ్లకు మన జిల్లాలల్ల పేషెంట్లకు కరువు లేదు, పైసలకు నాన్న బుగులు పడాల్సిన పని లేదు. చదువుకుంటనే ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి) వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ రాయి, రెండు నెలల చిన్న ప్రాజెక్టు, ఒక గైడ్ కావాలె, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ కావాలె, ఆ కాగితాల తిరుగుడే నీకు మొదటి ట్రైనింగ్. ఇంకా, మీ వరంగల్ ఎంజీఎం దవాఖానల ఓపీ పోస్టింగ్ పడ్డప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకో, పేరు రాయకు, టీ4 ఎక్కువుండి టీఎస్‌హెచ్ తగ్గని రిపోర్టు, టీ4 తక్కువుండి మనిషి మంచిగున్న రిపోర్టు, ఇసుంటివి రాసుకో, మీ మేడంను అడుగు. అందరూ "ల్యాబ్ తప్పు" అని పక్కన పడేసే కాగితాలల్లనే నీకు పని ఉన్నది. ఎలుకలు తర్వాత.

ప్రశ్న: నమస్తే సార్. నాకు 34 ఏండ్లు. గుండె దడ అని పరీక్ష చేపిస్తే ఫ్రీ టీ4 2.4 వచ్చింది, రిపోర్టుల 1.8 దాకనే ఉండాలె అని ఉన్నది. టీఎస్‌హెచ్ మాత్రం 3.1, నార్మల్ అట. ఒక డాక్టర్ థైరాయిడ్ ఎక్కువైందని కార్బిమజోల్ రాసిచ్చిండు, ఇంకో ఆయన వద్దు అంటున్నడు. జుట్టు ఊడుతుందని బయోటిన్ గోళీలు వేసుకుంటున్న, దాని వల్లనా? మా అన్నకు కూడ గొంతు కాడ కొద్దిగ వాపు ఉన్నది.
— ఒక గృహిణి, జమ్మికుంట

జవాబు: చెల్లె, నీ ఉత్తరంల అసలు ముచ్చట చివరి లైన్ల పెట్టినవ్, అన్న గొంతు వాపు. అది ముందు చెప్పాల్సింది డాక్టర్‌కు.

మామూలుగ గ్రంథి తనంతట తనే ఎక్కువ హార్మోన్ చేస్తుంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ "ఇగ చాలు" అని టీఎస్‌హెచ్‌ను దాదాపు సున్నా దాక తగ్గిస్తది. నీకు టీ4 ఎక్కువున్నా టీఎస్‌హెచ్ తగ్గలే. ఆ రెండు అంకెలు ఒకదాని పక్కన ఒకటి పొసగవు, అందుకే రెండో డాక్టర్ వద్దన్నడు, నాకైతే ఆయన ఆలోచన మంచిగనే అనిపిస్తున్నది.

బయోటిన్ సంగతి: జుట్టు గోళీలల్ల అది మిల్లీగ్రాముల లెక్కన ఉంటది, చాలా ల్యాబుల మిషన్లు బయోటిన్ ఆధారం మీదనే పనిచేస్తయి కాబట్టి రిపోర్టు తారుమారైతది. అయితే ఎక్కువసార్లు అది టీ4ను ఎక్కువ, టీఎస్‌హెచ్‌ను తక్కువ చూపిస్తది, నీ టీఎస్‌హెచ్ తక్కువ లేదు, కాబట్టి మొత్తం తప్పు దాని మీద తోసేయలేం. అయినా మళ్ల రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు మూడు రోజులు ఆ గోళీ ఆపు, ఎక్కువ డోసైతే ఇంకా ముందే ఆపాలె, డాక్టర్‌ను అడుగు. రెండోసారి వేరే కంపెనీ మిషన్ ఉన్న ల్యాబుల చేపించు. గుండెకు అమియోడరోన్ అసుంటి మందు వేసుకుంటే అది కూడ చెప్పు. కొందరికి రక్తంల ఆల్బుమిన్ పుట్టుకతోనే వేరే తీరుగ ఉండి టీ4ను ఎక్కువ పట్టుకుంటది, అసుంటోళ్లకు కొన్ని మిషన్లు లేని జబ్బు చూపిస్తయి.

ఇవన్నీ పోయి కూడ అదే రిపోర్టు వస్తే అప్పుడు రెండు మిగులుతయి. ఒకటి పిట్యూటరీల టీఎస్‌హెచ్ చేసే చిన్న గడ్డ, ఇది చాలా అరుదు, ఎంఆర్ఐ తీస్తరు. రెండోది పైన ఆ బిడ్డకు చెప్పిన రెసిస్టెన్స్. ఈ రెండింటినీ వేరు చేసే సులువైన పరీక్ష ఏందో తెలుసా, మీ అన్న రక్తం. ఆయనకు, మీ అమ్మకు, నీ పిల్లలకు కూడ టీ4 ఎక్కువుండి టీఎస్‌హెచ్ తగ్గకుంటే ఇది ఇంట్ల వస్తున్నదని అర్థం, గడ్డ అట్ల ఇంటిల్లిపాదికీ రాదు. తర్వాత టీహెచ్ఆర్‌బీ, అంటే ఆ బీటా రిసెప్టర్ జీన్ పరీక్ష. నూటికి 15 ఇండ్లల్ల ఆ జీన్‌ల తప్పు దొరకది, అయినా జబ్బు అదే.

రెసిస్టెన్స్ అయితే చాలామందికి మందే అవసరం ఉండదు, ఒళ్లే హార్మోన్ ఎక్కువ చేసుకొని సరిపెట్టుకుంటది. నీ గుండె దడకు కారణం గుండెల ఆల్ఫా రిసెప్టర్ మంచిగనే ఉండుడు, ఎక్కువైన హార్మోన్ దానికి తగులుతది, దానికి బీటా బ్లాకర్ (దడ తగ్గించే మందు, పైన చెప్పిన బీటా రిసెప్టర్‌తోని దీనికి సంబంధం లేదు) ఇస్తరు. అసలు తెల్వక కార్బిమజోల్ ఇస్తే టీ4 తగ్గుతది, టీఎస్‌హెచ్ పెరుగుతది, గొంతు వాపు ఇంకా పెద్దగైతది. ఆపరేషన్ చేపించుకున్నోళ్లు, రేడియో అయోడిన్ తాగినోళ్లు కూడ ఉన్నరు, తర్వాత జీవితమంత గోళీలే. అట్లని నువ్వు సొంతంగ గోళీ ఆపకు, రెండు రిపోర్టులు, అన్న రిపోర్టు పట్టుకొని ఎండోక్రైనాలజిస్ట్ కాడికి పో. కడుపుతోని ఉంటే గాని, ఆ ఆలోచన ఉంటే గాని మొదటి మాట అదే చెప్పు.

ప్రశ్న: అన్నీ అమెరికా పేర్లే చెప్తరు. థైరాయిడ్ మీద పనిచేసిన మన తెలుగాయన ఒక్కడన్నా లేడా?
— రిటైర్డ్ హెడ్‌మాస్టర్, పరకాల

జవాబు: లేకేం సార్, ఉన్నడు, అదీ చిన్న మనిషి కాదు. వులిమిరి రామలింగస్వామి, 1921ల శ్రీకాకుళంల పుట్టిండు, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీల చదివిండు, తర్వాత కూనూర్ల న్యూట్రిషన్ ల్యాబుల పనిచేసిండు. 1969 నుంచి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్, 1979 నుంచి ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్. పదవులు అట్లుంచండి, ఆయన చేసిన పని చెప్త.

హిమాలయాల కింద కాంగ్రా లోయ, ఇప్పుడు హిమాచల్‌ల ఉన్నది, అప్పుడు పంజాబ్ల ఉండె. అక్కడ నూటికి 40 మంది దాక గొంతు వాపుతోని ఉండేటోళ్లు. వానలకు, మంచుకు మట్టిల అయోడిన్ కొట్టుకపోతది, పంటల ఉండదు, మనిషికి అందదు. 1956ల ఆయన, ఆయన తోటోళ్లు లక్ష మందికి పైన ఉన్న ఆ లోయను మూడు భాగాలు చేసిన్రు. ఒక భాగానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు, ఇంకొక భాగానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు, నడుమ భాగానికి ఉత్త ఉప్పు. అంతే, గోళీ లేదు, సూది లేదు, తినే కూర అదే, తాగే నీళ్లు అవే, ఉప్పు ఒక్కటే తేడా. 1962 నాటికి అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగాలల్ల గొంతు వాపులు సగానికి తగ్గినయి, ఉత్త ఉప్పు కాడ ఎక్కడివక్కడే ఉన్నయి. తర్వాత ఆ నడుమ భాగానికి కూడ అయోడిన్ ఉప్పే ఇచ్చిన్రు, అక్కడా తగ్గుకుంట వచ్చింది. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ముందుకు పోయినా "ఆ నడుమోళ్లకు అన్నేండ్లు ఎందుకియ్యలే" అని అడుగుతది, అడగాలె కూడ, నేనున్నా అడుగుత. కానీ ఆ తేడా కండ్లకు కనపడకపోతే ప్రభుత్వం కదిలేదా అని కూడ అనిపిస్తది. 1962లనే జాతీయ గాయిటర్ (గొంతు వాపు) నియంత్రణ కార్యక్రమం మొదలైంది, 1992ల దాని పేరు మార్చి అయోడిన్ లోపం వల్ల వచ్చే అన్నిటికీ వర్తించేటట్టు చేసిన్రు.

మీరు హెడ్‌మాస్టర్ కాబట్టి ఇంకొక ముచ్చట, పిల్లలకు చెప్పుకోవచ్చు. ఆ కూనూర్ ల్యాబుకు పునాది వేసింది రాబర్ట్ మెక్‌కారిసన్ అనే దొర. ఆయన అంతకుముందు గిల్గిత్‌ల ఒకే వాగు ఒడ్డున వరుసగ ఉన్న ఊర్లు చూసిండు, పై ఊర్ల కంటె కింది ఊర్లల్ల గొంతు వాపులు ఎక్కువ, ఎందుకంటే పై ఊరి మురికి అంత కింది ఊరోళ్లు తాగుతున్నరు. నీళ్లల్లనే ఏదో ఉన్నదని, ఆ నీళ్ల అడుగున పేరుకున్న మడ్డిని తను తాగిండు, ఇష్టపడి ముందుకొచ్చినోళ్లకు తాగించిండు, కొందరికి గొంతు వాచింది కూడ! రోగం కంటికి కనపడని పురుగుతోని వస్తదని తేల్చిండు. అసలు కారణం అయోడిన్ అని తర్వాత గట్టిపడ్డది, ఆయన చెప్పింది నిలవలే. కానీ ఆయన మొదలుపెట్టిన ల్యాబే 1958ల హైదరాబాద్‌కు వచ్చింది, తార్నాకల ఉన్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) అదే. మీ పరకాల పిల్లలను ఒకసారి తోల్కపోండి.

ప్రశ్న: నేను డాక్టర్‌ను కాను, కాకతీయ యూనివర్సిటీల ఎమ్మెస్సీ చేస్తున్న. థైరాయిడ్ రీసెర్చ్ మాలాంటోళ్లకు ఉంటదా, అది డాక్టర్ల పనేనా? ఇదంత చేస్తే ఏదన్న మందు వచ్చిందా?
— మంచిర్యాల తమ్ముడు

జవాబు: తమ్మీ, థైరాక్సిన్‌ను, అంటే టీ4ను, మొదటిసారి విడిగ తీసిందే డాక్టర్ కాదు, ఎడ్వర్డ్ కెండాల్, కెమిస్ట్రీ మనిషి. 1914 క్రిస్మస్ రోజు అమెరికా మేయో క్లినిక్‌ల స్ఫటికాలు చేతికొచ్చినయి, టన్నుల కొద్ది పందుల థైరాయిడ్ గ్రంథులు ఉడకబెట్టి గ్రాముల లెక్కన తీసిండు. దాని నిర్మాణం తేల్చిన హారింగ్టన్ కూడ కెమిస్టే, 1926ల. 1952ల లండన్‌ల జాక్ గ్రాస్‌తోని కలిసి టీ3ని కనిపెట్టిన రోజాలిండ్ పిట్-రివర్స్ బయోకెమిస్టు. ఇంకేం కావాలె నీకు? సీఎస్ఐఆర్ నెట్ గాని, ఐసీఎంఆర్ జేఆర్ఎఫ్ గాని కొట్టు, హైదరాబాద్‌ల సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఎన్ఐఎన్ అని మూడు రీసెర్చ్ సంస్థలు ఉన్నయి. ఒక్కటి మాత్రం చూసుకో, పీహెచ్‌డీ గైడ్‌ను పట్టుకునేటప్పుడు ఆయనకు ఏదన్న దవాఖానతోని పొత్తు ఉన్నదా అని అడుగు, పేషెంట్ల ఇండ్లు అందుబాటుల లేకపోతే ఎలుకల కాడనే ఆగిపోతవ్.

ఇదంత చేస్తే మందు వచ్చిందా అని కూడ అడిగినవ్. వచ్చింది. కాలేయంల బీటా, గుండెల ఆల్ఫా అని తెలిసినంక, గుండెను కదిలియ్యకుండ కాలేయంల బీటాను మాత్రం పట్టుకునే మందు చెయ్యాలని చానా ఏండ్లు కష్టపడ్డరు. రెస్మెటిరోమ్ అనే మందుకు 2024 మార్చిల అమెరికా అనుమతి దొరికింది, అది కొవ్వు పట్టి గట్టిపడుతున్న కాలేయానికి. థైరాయిడ్ కోసం మొదలైన పని లివర్ రోగికి అందింది.

ప్రశ్న: మా ములుగు దిక్కు చంటిపిల్లలకు మడిమె కాడ సూది గుచ్చి థైరాయిడ్ చూడాలె అంటున్నరు. పిల్ల మంచిగ పాలు తాగుతుంటే ఎందుకు మేడం అని తల్లులు నన్ను అడుగుతరు.
— ఆశా వర్కర్

జవాబు: చెల్లె, నేను మేడంను కాదు, సార్‌ను, పర్వాలేదు. పిల్ల మంచిగుంటేనే చూడాలె, అదే అసలు కారణం. పుట్టుకతో థైరాయిడ్ లేని పిల్లల్ల చాలామంది మొదటి రోజులల్ల మామూలుగనే ఉంటరు, తల్లి హార్మోన్ కొంత కాపాడుతది. పసిరికలు తగ్గకపోవుడు, మలబద్ధకం, బొంగురు ఏడుపు, నాలిక పెద్దగుండుడు, బొడ్డు ఉబ్బుడు, ఇవి కనపడేవరకు మెదడుకు కావాల్సిన టైం పోతది. మన దేశంల అందాజ వెయ్యిమందిల ఒక్కరికి ఉంటది, అంటే పెద్ద మండలంల ఏడాదికి ఒకరో ఇద్దరో. 1970లల కెనడా క్యుబెక్‌ల డుస్సో అనే ఆయన అట్టకాగితం మీద ఎండిన రక్తం చుక్కతోని ఈ పరీక్ష చెయ్యొచ్చని చూపించిండు, అప్పటి నుంచి చానా దేశాలల్ల పుట్టిన ప్రతి బిడ్డకు చేస్తున్నరు.

రెండు రోజులు నిండినంక చేస్తే మంచిది, పుట్టిన వెంటనే అయితే టీఎస్‌హెచ్ ఎవరికైనా పెరిగే ఉంటది, ఉత్తగ భయపడతరు. తక్కువుందని తేలితే రెండు వారాలు నిండకముందే గోళీ మొదలుపెట్టాలె. గోళీని రెండు చెంచాల నడుమ నలిపి తల్లిపాలల్ల గాని నీళ్లల్ల గాని కలిపి వెంటనే తాగియ్యాలె, సీసల కలిపి దాచిపెట్టొద్దు. డబ్బు సంగతి, ఎక్కడ చేస్తరో ములుగు జిల్లా ఆసుపత్రి పిల్లల వార్డుల అడుగు. మేనరికం ఇండ్లల్ల ముందు బిడ్డకు అట్లయి ఉంటే రెండో కాన్పుకు ముందే చెప్పి పెట్టు.

ప్రశ్న: ఆవకాయల అయోడిన్ ఉప్పు వెయ్యొద్దంటరు, నల్లబడతదట. దొడ్డుప్పు వేస్తే థైరాయిడ్ వస్తదని మా కోడలు లొల్లి పెడుతున్నది. ఎవరు కరెక్ట్?
— ఒక అత్తమ్మ, హుజూరాబాద్

జవాబు: ఇద్దరూ సగం సగం అత్తమ్మా. పచ్చడి అయోడిన్‌తోని కరాబు కాదు, కానీ మీకు దొడ్డుప్పు అలవాటైతే ఆవకాయల వేసుకోండి, పచ్చడి తినేది ఎంత. పెద్దోళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, కడుపుతోని ఉన్నోళ్లకు 250. ప్యాకెట్ ఉప్పు ఇంటికి వచ్చేసరికి గ్రాముకు 15 మైక్రోగ్రాములు ఉండాలని నియమం, కాబట్టి రోజు వండే కూర, పప్పు, చారు అన్నిట్ల ప్యాకెట్ ఉప్పు వేస్తే సరిపోతది. కోడలు ఈ మధ్య గులాబీ రంగు సైంధవ లవణం తెస్తున్నదని కూడ రాసిన్రు, దాంట్ల అయోడిన్ కలపరు, ఇల్లంత దాని మీదకు మారితే మాత్రం మీదే గెలుపు. ఇంట్ల ఎవరికన్న హషిమోటో థైరాయిడ్ (ఒంట్ల రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీసే జబ్బు) ఉండి గోళీలు వేసుకుంటున్నా మామూలు అయోడిన్ ఉప్పు మానాల్సిన పని లేదు. ఉప్పు డబ్బా పొయ్యి పక్కన మూత తీసి పెట్టకండి, వేడికి తేమకు అయోడిన్ తగ్గుతది, కూర దించే ముందు వేసుకుంటే ఇంకా మంచిది.